మన ప్రార్థనలో మన జిల్లా

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు దేశాల రాజధానులు, జెండాలు బట్టీ పట్టక తప్పదు. నేనూ అదే పనిలో ఉన్నాను. కెన్యా అంటే నైరోబి, నాణెం షిల్లింగు, స్వాతంత్ర్యం 1963 డిసెంబర్ 12, జెండా మధ్యలో మసాయిల డాలు, ఈటెలు. ఇలా చదువుతూ ఒకచోట ఆగిపోయాను. వాళ్ళ జాతీయగీతం బాణీని పొకోమో తెగ తల్లులు పాడే జోలపాట నుంచి తీసుకున్నారట! మరి మనం రోజూ ప్రార్థనలో వరుసగా నిలబడి పాడేవి, చదివేవి ఎక్కడివి? వెతికితే సగం సమాధానాలు మన చిత్తూరు జిల్లాలోనే దొరికాయి.

ముందు జనగణమన. "జాతీయగీతాన్ని మదనపల్లెలో రాశారు" అని చాలామంది చెబుతారు. డిగ్రీలో ఉండగా ఒక క్విజ్‌లో నేనూ అలాగే చెప్పి మార్కు పోగొట్టుకున్నాను. అసలు సంగతి ఇది. రవీంద్రనాథ్ టాగూర్ దాన్ని బెంగాలీలో అంతకుముందే రాశారు. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మొదటిసారి పాడారు. మదనపల్లె వంతు ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది.

అనిబిసెంట్ 1915లో మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు అప్పుడు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండ్ కవి. 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. ఒక సాయంత్రం విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని ఉండగా ఈ పాట పాడి వినిపించారు. బెంగాలీ తెలియకపోయినా వింటున్నవాళ్ళు పల్లవి అందుకున్నారు. ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్నావిడ. ఆమె ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపిగా రాసిపెట్టారు. టాగూర్ పాట మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చి, 'భారతదేశ ప్రభాతగీతం' అనే అర్థం వచ్చే పేరు పెట్టి, తన చేతిరాతతో 1919 ఫిబ్రవరి 28 అని తేదీ వేశారు. తర్వాత అది ఆ కాలేజీకి ఉదయపు ప్రార్థన అయింది. అంటే 1950 జనవరి 24న రాజ్యాంగ సభ జాతీయగీతంగా ప్రకటించడానికి ముప్పై ఏళ్ళ ముందే మన జిల్లా పిల్లలు దాన్ని ప్రార్థనలో పాడారన్నమాట. పూర్తి పాటకు అయిదు చరణాలు. మనం పాడేది మొదటిదే, సుమారు 52 సెకన్లు. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది గానీ, 1919లో అది చిత్తూరు జిల్లాయే.

ఇక 'మా తెలుగు తల్లికి'. దీన్ని రాసిన శంకరంబాడి సుందరాచారి గారిది మన తిరుపతే. 1914లో పుట్టారు. చిన్నతనంలో ఇల్లు వదిలి హోటల్లో సర్వరుగా, రైల్వేస్టేషన్‌లో కూలీగా పనిచేశారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. తిరుపతి స్టేషన్‌లో దిగినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. 1942లో దీనబంధు సినిమా కోసం ఈ పాట రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడగా గ్రామఫోను రికార్డు వచ్చింది. ఆ రికార్డే ఇంటింటికీ వెళ్ళింది. చివరికి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతం అయింది. ఆయన 1977లో కన్నుమూశారు. తెలంగాణ 2024లో తన రాష్ట్రగీతంగా తీసుకున్న పాట అందెశ్రీ గారిది. ఆయన బడి మొహం చూడకుండా పశువులు కాసిన మనిషి.

జెండా గురించి అందరికీ తెలిసిందే. 1921లో పింగళి వెంకయ్య గారు విజయవాడలో గాంధీజీకి నమూనా ఇచ్చారు. మధ్యలో రాట్నం పోయి 24 ఆకుల అశోకచక్రం వచ్చింది 1947 జూలై 22న.

ప్రతిజ్ఞ మన జిల్లాది కాదు గానీ తెలుగువాడిదే. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా దాన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. మొదట విశాఖ బడుల్లో చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా అన్ని భాషల్లో చదవడం మొదలైంది. ఆ సంగతి రాసినాయనకు చాలాకాలం తెలియదట. ఒకరోజు మనవరాలు పాఠ్యపుస్తకం తెరిచి పైకి చదువుతుంటే, ఇది నేను రాసిందే కదా అని గుర్తుపట్టారని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆ పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, కింద పేరు మాత్రం చాలా ఏళ్ళపాటు ఉండేది కాదు.