దాచిన ఫైలు దొరికే దారి

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లని మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. ఈనాడు టాబ్లెట్టు వున్న ఇళ్లలో ఆ సామెత తరచుగా గుర్తుకు వస్తున్నది. నెల్లూరునుంచి మేనల్లుడు పొలం పట్టా నకలు పంపుతాడు. దానిమీద నొక్కితే, దిగినదని టాబ్లెట్టు చెబుతుంది. మరునాడు కచేరీకి వెళ్లబోయేముందు చూస్తే ఎక్కడా కనబడదు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ దిగుతుంది, మళ్లీ కనబడదు. చివరకు ఆ పట్టా నాలుగు ప్రతులుగా లోపల పడివుంటుంది. చేతికి మాత్రం ఒక్కటీ రాదు. కుర్రవాడు బడినుంచి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ కాచుకొని కూర్చోవలసినదే.

ఇది నవ్వి ఊరుకొనే సంగతి కాదు. మనం తరాల క్రిందటనే తెలుగుదేశం వెలుపల స్థిరపడినవాళ్లం. స్వగ్రామంలో మిగిలిన భూమి కాగితాలు, బంధువుల క్షేమసమాచారాలు, పిల్లలచేత చదివించే తెలుగు వాచకాలు, అమ్మమ్మ పాడిన మంగళహారతులు, ఇవన్నీ ఇప్పుడు చాలవరకు ఈ చిన్న పలకలోనే చేరుతున్నాయి. పోతే బజారుకు వెళ్లి మరొకటి కొని తెచ్చుకొనే సరుకు కాదు.

నేను ఒక కచేరీలో గుమాస్తాను. పగలంతా కన్నడంలో కాగితాలు, సాయంత్రం ఇంట్లో తెలుగు. మా రికార్డు గదిలో ఒక కాగితం కనబడకపోతే బీరువాలన్నీ బోర్లించము. అది ఏ తేదీన వచ్చినది, ఏ సెక్షనుకు పోయినది అని ముందుగా రిజిస్టరు చూస్తాము. టాబ్లెట్టు విషయంలోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది. "ఫైలు ఎక్కడ వున్నది?" అని తడుముకొనేకంటే, "దీనిని లోపలికి తెచ్చినది ఎవరు?" అని అడిగితే సగం పని అయినట్లే. ఎందుచేతనంటే, ఫైలును తెచ్చిన యాప్ తన అలవాటు ప్రకారమే దానిని ఒక చోట పెడుతుంది. ఆ అలవాట్లు నాలుగైదు తెలిస్తే చాలు.

ఉమ్మడి వసారా, సొంత గదులు

టాబ్లెట్టును ఒక ఉమ్మడి ఇల్లు అనుకోండి. అందులో అందరూ సరుకు దించే వసారా ఒకటి వున్నది. దాని పేరు డౌన్‌లోడ్స్. ఇది గాక ఒక్కొక్క యాప్‌కు ఒక్కొక్క సొంత గది వున్నది. వసారాలో వున్నది ఎవరికైనా కనబడుతుంది. గదిలో వున్నది ఆ గది తలుపు తీస్తేనే కనబడుతుంది.

ఆండ్రాయిడ్ టాబ్లెట్టులో వసారాలోకి పోయే ద్వారం ఫైల్స్ అనే యాప్. శాంసంగ్ వారి టాబ్లెట్టులో దానినే మై ఫైల్స్ అంటారు. అది తెరిస్తే డౌన్‌లోడ్స్, బొమ్మలు, వీడియోలు, ఆడియో, డాక్యుమెంట్లు అని వేరు వేరు అరలు కనబడతాయి. క్రోమ్ ద్వారా దించినది ఏదైనా మామూలుగా డౌన్‌లోడ్స్ అరలో చేరుతుంది. క్రోమ్‌లోనే కుడిప్రక్క పైన వున్న మూడు చుక్కలు నొక్కి, డౌన్‌లోడ్స్ అన్నచోట చూసినా ఆ పట్టీ కనబడుతుంది.

జీమెయిల్ సంగతి కొంచెం వేరు. ఉత్తరంతోబాటు వచ్చిన కాగితాన్ని నొక్కితే అది తెరుచుకొంటుంది. తెరుచుకొన్నది గనుక దాచుకొన్నట్లేనని చాలామంది అనుకొంటారు. చూడడం వేరు, దాచడం వేరు. క్రిందికి చూపే బాణం గుర్తు నొక్కితేనే అది వసారాలోకి వస్తుంది. అంతవరకు ఆ కాగితం ఉత్తరంలోనే వున్నది. కావలసినప్పుడు ఉత్తరాన్నే వెదకవలెను.

వాట్సాప్ తాను తెచ్చినవాటిని డౌన్‌లోడ్స్ అరలో పెట్టదు. తన పేరుతో వున్న ఫోల్డరులో బొమ్మలు ఒక చోట, డాక్యుమెంట్లు ఒక చోట, మాటల రికార్డులు మరొక చోట సర్దుతుంది. పట్టా నకలు కోసం డౌన్‌లోడ్స్ అంతా గాలించినా దొరకకపోవడానికి కారణం తరచుగా ఇదే. దీనికి సులువైన దారి ఒకటి వున్నది. పంపినవారి సంభాషణ తెరిచి, పైన వారి పేరు మీద నొక్కండి. అక్కడ మీడియా, లింకులు, డాక్యుమెంట్లు అనే వరుస వుంటుంది. ఆ మేనల్లుడు ఇంతవరకు పంపినవి తేదీల వరుసలో కనబడతాయి. పంపిన వస్తువును వెంటనే నొక్కి దించుకోవడం కూడ మంచిది. చాలాకాలం ఊరుకొని తరువాత నొక్కితే, మళ్లీ పంపమని అడగండి అని యంత్రం చెప్పే సందర్భాలు వున్నాయి.

యూట్యూబ్‌లో దాచుకొన్న హరికథలు, పాటలు బొత్తిగా గది దాటి బయటికి రావు. ఫైల్స్‌లో ఎంత వెదికినా అవి కనబడవు, పెన్‌డ్రైవులోకి ఎక్కవు. ఆ యాప్‌లోనే, డౌన్‌లోడ్స్ అన్న చోట చూడవలెను. అవి మనకు కొంతకాలానికి చూడనిచ్చినవే గాని శాశ్వతంగా ఇచ్చినవి కావు. కిండిల్ వంటి పుస్తకాల యాప్‌లదీ ఇంచుమించు ఇదే వరస.

ఐప్యాడ్ వున్నవారికి ఫైల్స్ అనే యాప్ 2017లో వచ్చినది. సఫారీనుంచి నేరుగా దించుకొనే సదుపాయం 2019లో వచ్చినది. ఇందులో వసారాలు రెండు. ఒకటి ఐప్యాడ్‌లోనే వున్నది. రెండవది ఐక్లౌడ్, అనగా కంపెనీవారి గిడ్డంగిలో వున్నది. సఫారీ దించినది మామూలుగా రెండవ దానిలోని డౌన్‌లోడ్స్‌లో చేరుతుంది. ఫైలు ప్రక్కన చిన్న మేఘం బొమ్మ వుంటే, అది ఇంకా గిడ్డంగిలోనే వున్నదని అర్థం. ఇంటర్నెట్ లేనిచోట తెరుచుకోదు. దాచుకొన్న ఫోటోలు, వీడియోలు మాత్రం సాధారణంగా ఫైల్స్‌లోకి కాక, ఫోటోస్ అనే యాప్‌లోకి పోతాయి.

పేరు చూసి వెదికితే దొరకనివి

ఎవరు తెచ్చారో తెలిసిన తరువాత కూడ ఒక చిక్కు మిగులుతుంది. ఫైలుకు మనం అనుకొన్న పేరు వుండదు. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటో పేరు ఐఎంజి అన్న అక్షరాలతో మొదలై, తరువాత ఎనిమిది అంకెలు వుంటాయి. 20240114 అని వుంటే 2024వ సంవత్సరం, మొదటి నెల, 14వ తేదీ అన్నమాట. తేదీ జ్ఞాపకం వున్నవారికి ఇంతకంటే మంచి ఆచూకీ లేదు.

తెలుగు పుస్తకాలు దించుకొనేవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలకొలది వున్నాయి. వాటిలో ఎన్నో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు బొమ్మలు తీసి పెట్టినవి. ఆ మహత్కార్యానికి బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ కేంద్రంగా పనిచేసినది. దానికి ప్రేరణ ఇచ్చినవారిలో ముఖ్యులు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకొన్న రాజ్ రెడ్డిగారు. ఆ పుస్తకాల ఫైళ్ల పేర్లు 2015 అన్న సంఖ్యతోను, ఆ వెనుక మరికొన్ని అంకెలతోను మొదలవుతాయి. పుస్తకం పేరు వున్నా ఇంగ్లీషు లిపిలో, ఒక్కొక్కసారి వింత స్పెల్లింగుతో వుంటుంది. "వాచకం" అని తెలుగులో వ్రాసి వెదికితే అది ఎట్లా దొరుకుతుంది?

ఇటువంటప్పుడు పేరు విడిచిపెట్టి తేదీని పట్టుకోవలెను. ఫైల్స్ యాప్‌లో వరుస మార్చే సదుపాయం వున్నది. తేదీ ప్రకారం, కొత్తవి పైన వుండేటట్లు పెట్టుకొంటే ఈ ఉదయం దించినది మొట్టమొదట కనబడుతుంది. సైజు ప్రకారం పెట్టుకొంటే పెద్ద పుస్తకాలు, వీడియోలు పైకి తేలుతాయి. ఫైలు పేరు చివర బ్రాకెట్లలో 1, 2 అని వుంటే, అదే కాగితాన్ని మనం మళ్లీ మళ్లీ దించామన్నమాట. ఒకటి వుంచుకొని తక్కినవి తీసివేయవచ్చును.

అయినా దొరకకపోతే

మూడు సంగతులు చూడండి. మొదటిది: దిగడం పూర్తి అయినదా? జాగా చాలకపోయినా, మధ్యలో ఇంటర్నెట్ పోయినా సగంలో ఆగిపోతుంది. రెండవది: కొన్ని ఆండ్రాయిడ్ టాబ్లెట్టులలో ఇంట్లో ఒక్కొక్కరికి వేరు వేరు ఖాతా పెట్టుకొనే ఏర్పాటు వున్నది. నాన్న ఖాతాలో దించినది అమ్మాయి ఖాతాలో కనబడదు. ఏ ఖాతాలో వుండగా దించారో అందులోకే పోయి చూడవలెను. మూడవది: ఎవరైనా పొరపాటున తీసివేసినారేమో. ఇందుకోసం ట్రాష్ అనే చెత్తబుట్ట చూడండి. ఐప్యాడ్‌లో దీనిపేరు ఇటీవల తొలగించినవి. తీసివేసినవి మామూలుగా 30 రోజులు అందులో వుంటాయి. గడువు దాటితే పోతాయి. అన్ని యాప్‌లకూ ఈ బుట్ట లేదు గనుక దీనిమీదనే ఆధారపడరాదు.

ఫైలు దొరికినా తెరుచుకోకపోవడం మరొక రకం. ఆధార్ కాగితం దించుకొంటే సంకేతపదం అడుగుతుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా వ్రాసి, ప్రక్కన పుట్టిన సంవత్సరం నాలుగు అంకెలు చేరిస్తే తెరుచుకొంటుంది. పేరు, పుట్టిన సంవత్సరం తెలిసినవారెవరైనా దానిని తెరవగలరన్న సంగతి కూడ ఇందులోనే వున్నది. కాబట్టి ప్రింటు తీసే దుకాణానికి ఆ ఫైలు పంపినప్పుడు, పని కాగానే మన ఎదుటనే అక్కడనుంచి తీసివేయమని అడగడానికి మొగమాటపడకూడదు.

దొరికిన తరువాతనే అసలు పని

ఒకసారి దొరికిన ఫైలును అక్కడే వదిలితే మళ్లీ వెదుకులాట తప్పదు. కచేరీలో తపాలు వచ్చిన వెంటనే నంబరు వేసి ఫైలులో చేర్చినట్లు, ఇక్కడా చేయవలెను. ఇల్లు, పొలం, బడి, వైద్యం, తెలుగు పుస్తకాలు, పెద్దల గొంతులు అని అయిదారు ఫోల్డర్లు చేసికోండి. ఫైలును నొక్కిపట్టుకొంటే పేరు మార్చడం, వేరేచోటికి పంపడం అనే ఏర్పాట్లు వస్తాయి. పేర్లు తెలుగులోనే పెట్టవచ్చును. తెలుగులో పెట్టిన పేరు తెలుగులో వెదికితే దొరుకుతుంది. "నెల్లూరు పొలం పట్టా" అని పేరు వున్న కాగితాన్ని ఇంట్లో ఎవరైనా పట్టుకోగలరు.

పెద్దల గొంతులు అన్నమాట ఊరికే వ్రాయలేదు. మనలో చాలా ఇళ్లలో పెళ్లిపాటలు, లాలిపాటలు, వ్రతకథలు తెలుగులో తప్పుల్లేకుండ చెప్పగలవారు ఒకరిద్దరే మిగిలివున్నారు. పిల్లలు వారిచేత పాడించి టాబ్లెట్టులో రికార్డు చేస్తారు. ఆ రికార్డు ఆ యాప్ చెప్పిన చోట, తేదీయో అంకెయో పేరుగా పెట్టుకొని పడివుంటుంది. రెండేళ్లకు టాబ్లెట్టు నెమ్మదించినదని దుకాణంలో మార్పిడికి ఇస్తారు. ఇచ్చేముందు లోపల వున్నదంతా తుడిచివేస్తారు. ఈ కాలపు టాబ్లెట్టులు లోపలి సమాచారాన్ని రహస్యలిపిలో దాస్తాయి గనుక, ఒకసారి పూర్తిగా తుడిచిన తరువాత ఎంత డబ్బు పోసినా ఆ గొంతును తిరిగి తేవడం సాధ్యం కాదు. పాడినావిడ అప్పటికి లేకపోతే ఆ ఇంటి పాట అంతటితో సరి.

అందుచేత ముఖ్యమైన ప్రతి ఫైలుకు మరొక ప్రతి వేరేచోట వుండవలెను. టాబ్లెట్టుకు సరిపడే పెన్‌డ్రైవులు దుకాణాలలో దొరుకుతాయి. గూగుల్ ఖాతాతో 15 జీబీ, ఐక్లౌడ్‌తో 5 జీబీ జాగా ఉచితంగా ఇస్తున్నారు. పాటలకు, కాగితాలకు అది చాలవరకు సరిపోతుంది. ఇంకొక ప్రతి ఊళ్లోని అన్నగారికో, చెల్లెలికో పంపితే మరీ మంచిది. ఏదైనా యాప్‌ను తీసివేయబోయేముందు దాని సొంత గదిలో మనవి ఏమి వున్నాయో చూసి బయటికి తెచ్చుకోండి. గదితోబాటు అందులోని సామాను కూడ పోతుంది. జాగా ఖాళీచేస్తామని యాప్‌లు తరచుగా చెబుతుంటాయి. సరే అని నొక్కేముందు ఏమేమి తీసివేస్తున్నదో ఆ జాబితా చదవండి.

ఈ ఆదివారం ఒక గంట పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని డౌన్‌లోడ్స్ అర తెరవండి. పని చేసిపెట్టమని వారికి ఇవ్వకండి. వారు దారి చూపుతుంటే మీరే నొక్కండి. పనికిరానివి తీసివేయండి, పనికివచ్చేవాటికి పేర్లు పెట్టండి. అమ్మమ్మగారి పాట వుంటే మొదట దానికి పేరు పెట్టండి: ఆవిడ పేరు, ఏ పాట, ఏ సంవత్సరంలో పాడినారు. తరువాత దానికి మరొక ప్రతి తీసి, ఆ తరువాత పొలం పట్టా సంగతి చూసుకోవచ్చును. పట్టా నకలు మళ్లీ అడిగితే కచేరీవారు ఇస్తారు.