బస్సు కుక్కైంది, విమానం ఏనుగైంది



లండన్ నగరంలో 30 నంబరు బస్సు అని ఒకటి ఉంది. ఎర్రటి రెండంతస్తుల బస్సు. చూసిన వాళ్ళకు అది బస్సే. కానీ 2002లో మధ్యప్రదేశ్ నుంచి అక్కడికి పోయిన ఒక గోండు చిత్రకారునికి అది కుక్కలాగ కనిపించింది. ఎందుకంటే ఆ ఊళ్ళో ఆయనకు భాష రాదు, దారులు తెలియవు. ఒక్క 30 నంబరును గుర్తుపెట్టుకున్నాడు. అది రోజూ పనికి తీసుకుపోయేది, మళ్ళీ బసకు తెచ్చి దింపేది. కొత్త ఊళ్ళో నమ్మకంగా వెంట ఉండేది ఎవరు? కుక్కే కదా! అందుకని ఎర్ర బస్సుకు కుక్క తల పెట్టి బొమ్మ వేసినాడు.

ఆయన పేరు భజ్జు శ్యామ్. 1971లో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. మన డ్రాయింగ్ సారు దగ్గర ఆయన బొమ్మల పుస్తకం ఉంది. నేను అది నాలుగైదుసార్లు చూసినాను. బొమ్మల్లో వింత జంతువులు, ఎగిరే ఏనుగులు ఉంటే మనవాళ్ళు "ఇదంతా ఉత్త కల్పన" అని పేజీ తిప్పేస్తారు. ఆ కల్పన ఎక్కడి నుంచి వస్తుంది, ఒక మనిషికి తన సొంత పద్ధతి ఎట్లా తయారవుతుంది అనేది నాకు తెలిసినంత వరకు చెప్తాను. మన భోజనశాల వెనక గోడ సంగతి కూడా ఇందులోనే ఉంది, కాబట్టి చివరి దాకా చదవండి.

పాటన్‌గఢ్‌లో ఉండేది పర్ధాన్ గోండులు. మన ఉట్నూరు వైపు పర్ధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల ఇళ్ళకు పోయి వంశ కథలు, దేవుళ్ళ కథలు పాడతారు గదా. మా తాతది కూడా ఆ పనే. అక్కడి పర్ధాన్లది కూడా అదే పని, కాకపోతే వాళ్ళ వాయిద్యాన్ని బానా అంటారు. కథలు పాడటం మగవాళ్ళ వంతు. ఇంటి గోడల మీద, నేల మీద ఎర్రమట్టితో, తెల్లమట్టితో, బొగ్గుతో బొమ్మలు తీర్చడం ఆడవాళ్ళ వంతు. దాన్ని డిగ్నా అంటారు. భజ్జు వాళ్ళ అమ్మ గోడ మీద వేస్తున్నప్పుడు చెయ్యి అందని పైభాగాలు పిల్లవాడైన భజ్జుతో వేయించేదట. ఆయన చిత్రకళ చదువు అక్కడ మొదలైంది. ఏ కాలేజీలోనూ కాదు.

పాట ఒకరి దగ్గర, గోడ బొమ్మ ఇంకొకరి దగ్గర ఉంటే రెండూ ఎట్లా కలిసినాయి? కలిపినవారు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఆయనదీ పాటన్‌గఢే, భజ్జుకు మామ వరస. జనాభా లెక్కలు జరిగేటప్పుడు పుట్టినందుకు ఆ పేరు పెట్టారని చెప్తారు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ అనే కళా కేంద్రం కట్టారు. దాని కోసం జె. స్వామినాథన్ అనే పేరున్న చిత్రకారుడు పల్లెపల్లెకు మనుషుల్ని పంపి బొమ్మలు వెతికించారు. వాళ్ళు పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద బొమ్మ చూసి ఆగిపోయినారు. గీసింది ఎవరంటే ఇరవై ఏళ్ళ జన్‌గఢ్! ఆయన్ని భోపాల్ తీసుకుపోయి కాగితం, రంగులు, కుంచెలు ఇచ్చినారు.

ఆయన మట్టి రంగుల డిగ్నాను యథాతథంగా కాగితం మీద దించలేదు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. అప్పటిదాకా పాటల్లో మాత్రమే ఉండి, బొమ్మలు లేని దేవుళ్ళకు ఆయన ఆకారం ఇచ్చినారు. ఒంటి మీద పచ్చబొట్టు చుక్కల్లాంటి చుక్కలతో ఆ ఆకారాలను నింపినారు. వింటే కనబడేవి చూస్తే కనబడేటట్టు చేసినారన్నమాట. 1989లో పారిస్‌లో జరిగిన ఒక పెద్ద ప్రపంచ ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టినారు. భోపాల్‌లోని శాసనసభ భవనం గోడల మీద కూడా వేసినారు. 2001లో జపాన్‌లో ఉండగా చనిపోయారు. నలభై ఏళ్ళు అటూ ఇటూగా ఉంటాయేమో, అంతే. కానీ అప్పటికే తన ఊరి పిల్లలను చాలామందిని భోపాల్ పిలిపించుకొని, ఇంట్లో పెట్టుకొని పని నేర్పినారు.

ఆ పిల్లల్లో ఒకరు భజ్జు. ఇంట్లో గడవక పదహారేళ్ళ వయసులోనే ఊరు వదిలినారు. అమర్‌కంటక్‌లో మొక్కలు నాటే కూలి పని చేసినారు. తర్వాత భోపాల్ పోయి రాత్రి కాపలా ఉన్నారు, కరెంటు పని చేసినారు. 1993లో జన్‌గఢ్ ఆయనను తన దగ్గర పెట్టుకున్నారు. మొదట్లో పని ఏమిటంటే మామ గీసిన పెద్ద బొమ్మల లోపల సన్నని గీతలు, చుక్కలు నింపడం. అంతే. ఇది వినడానికి చిన్న పని. కానీ ఈ కళలో గుట్టంతా ఈ నింపడంలోనే ఉంది.

గోండు బొమ్మ ఎట్లా వేస్తారంటే, ముందు ఆకారం గీస్తారు. దాని లోపల ఒకే రంగు పూస్తారు. రంగు ఆరినాక సన్నటి కలంతోనో కుంచెతోనో లోపలంతా నమూనా నింపుతారు. ఒకరు చేప పొలుసుల్లాగ, ఒకరు గింజల్లాగ, ఒకరు వాన చినుకుల్లాగ నింపుతారు. ఎవరి నమూనా వారిదే. తెలిసిన వాళ్ళు కింద సంతకం చూడకుండానే ఇది ఫలానా వాళ్ళ బొమ్మ అని చెప్పేస్తారు. మన చేతిరాత చూసి తెలుగు సారు ఎవరి నోట్సో చెప్తారు చూడండి, అట్లాగే. భజ్జు ఏండ్లకేండ్లు మామ గీతలు నింపి నింపి, ఆ తర్వాత తన గీత తెచ్చుకున్నారు. మామ కూడా నీది నువ్వు వెయ్యి అనే ప్రోత్సహించినారట. గురువు దగ్గర ఉండటం, గురువు నుంచి బయటికి రావడం రెండూ కావాలని నాకు దీనితో అర్థమైంది. మనవాళ్ళు కొందరు మొదటిదే చేస్తారు, కొందరు మొదటిది చేయకుండానే రెండోదానికి పోతారు.

ఇక లండన్ సంగతి. అక్కడ ఇస్లింగ్టన్ అనే పేటలో ఒక భారతీయ హోటలు గోడల మీద బొమ్మలు వేయడానికి భజ్జు గారిని, రామ్ సింగ్ ఉర్వేతి అనే ఇంకో గోండు చిత్రకారుణ్ణి పిలిపించినారు. సుమారు రెండు నెలలు ఉన్నారు. తిరిగొచ్చినాక భజ్జు గారు తాను చూసిన లండన్‌ను బొమ్మలుగా వేసినారు. చెన్నైలోని తారా బుక్స్ వాళ్ళు 2004లో దాన్ని 'ది లండన్ జంగిల్ బుక్' అని పుస్తకం చేసినారు.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. 1894లో కిప్లింగ్ అనే తెల్లాయన మధ్య భారతదేశపు అడవుల మీద 'జంగిల్ బుక్' రాసినాడు. 1940లలో వెరియర్ ఎల్విన్ అనే ఇంకో ఇంగ్లీషాయన పాటన్‌గఢ్‌లోనే ఉండి గోండుల గురించి, బైగాల గురించి పుస్తకాలు రాసినాడు. మన దగ్గర కూడా అదే కాలంలో హైమెన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో ఉండి రాసినాడు గదా. ఎప్పుడూ వాళ్ళే వచ్చి మనల్ని చూసి రాసుకొని పోయేది. ఈసారి పాటన్‌గఢ్ మనిషి లండన్ పోయి, వాళ్ళను చూసి, వాళ్ళ బొమ్మ వేసినాడు! నాకైతే ఈ ఒక్క ముక్క చాలా నచ్చింది.

ఆ బొమ్మల్లో కొన్ని చెప్తాను. విమానానికి ఏనుగు ఒళ్ళు పెట్టినారు. అంత బరువైనది గాలిలోకి లేవడం, ఏనుగు ఎగరడం రెండూ ఒకటే వింత కాబట్టి. అక్కడ బిగ్ బెన్ అనే పెద్ద గడియారం ఉంది. గోండులకు పొద్దు చెప్పేది కోడిపుంజు. ఆయన రెండింటినీ కలిపి, గడియారాన్ని పుంజుకు కన్నుగా పెట్టినారు. సాయంత్రం కాగానే పబ్బుల్లోకి చేరే ఇంగ్లీషువాళ్ళను గబ్బిలాలుగా వేసినారు. పగలంతా కనపడరు, చీకటి పడగానే గుంపులుగా బయటికి వస్తారు కాబట్టి!

భూమి కింద పోయే రైలును వానపాముగా వేసినారు. ఇది అర్థం కావాలంటే అక్కడి సృష్టి కథ తెలియాలి. మొదట అంతా నీళ్ళే. భూమి చేయడానికి బడాదేవుకు మట్టి కావాలి. కాకిని చేసి వెతకమని పంపితే, అది ఎగిరి ఎగిరి అలసిపోయి ఎండ్రకాయ మీద వాలింది. ఎండ్రకాయ దాన్ని నీళ్ళ అడుగుకు తీసుకుపోయింది. మట్టిని మింగి కూర్చున్న వానపాము అక్కడుంది. దాని చేత మట్టి కక్కించినారు. అందుకే భూమి కింద లోకానికి వానపామే రాజు. (మన వైపు కథలు వేరేగా ఉంటాయి, ఇంటికి పోయినప్పుడు అడగండి.) లండన్‌లో భూమి కింద రైలు దిగినప్పుడు ఆయనకు ఆ కథ గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు కథ వినకపోయి ఉంటే అది ఉత్త రైలే.

ఆయన ఏం చేస్తున్నాడో గమనించండి. "ఇది దేనిలాగ ఉంది?" అని అడగడం లేదు. "ఇది ఏం చేస్తుంది? మా దగ్గర ఆ పని చేసేది ఎవరు?" అని అడుగుతున్నాడు. బస్సు చూడటానికి కుక్కలాగ ఎక్కడుంది? చేసే పనిలో ఉంది. వెతికితే ఆయన కల్పనలో ఈ ఒక్క ప్రశ్నే ఎక్కువగా కనిపిస్తుంది నాకు.

ఇదే పని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే దంపతులు ఇంకో తీరుగా చేసినారు. వాళ్ళూ గోండు చిత్రకారులే. అంబేద్కర్ గారి జీవితాన్ని 'భీమాయన' అని 2011లో బొమ్మల పుస్తకం వేసినారు. బొమ్మల కథల్లో మాటలను గుండ్రటి బుడగల్లో రాస్తారు గదా. వీళ్ళు అవమానించే మాటల బుడగకు తేలు కొండి పెట్టినారు! మెత్తని మాటల బుడగను పిట్టలాగ వేసినారు. చదువు రాని అవ్వ చూసినా ఏ మాట కుట్టిందో తెలిసిపోతుంది.

కంప్యూటర్ల మీద, ట్యాబుల మీద గీసే చిత్రకారుల సంగతి కొందరు అడిగినారు. సినిమాలకు, ఆటలకు డ్రాగన్లను, రాక్షసులను వాళ్ళే గీస్తారు. అందులో బొమ్మను పొరలు పొరలుగా వేయవచ్చు, గీత నచ్చకపోతే ఒక్క మీట నొక్కి వెనక్కి పోవచ్చు. చుక్కల నమూనా ఒకసారి తయారు చేసి పెట్టుకుంటే వెయ్యిసార్లు అద్దవచ్చు. చేతిపని చాలా తగ్గుతుంది, నేను కాదనను. కానీ డ్రాగన్‌ను విడదీసి చూడండి: పాము ఒళ్ళు, గబ్బిలం రెక్కలు, మొసలి నోరు. ఎవరో ఎక్కడో నిజంగా చూసినవే! చూసింది, విన్నది లేకపోతే ఏ యంత్రమైనా ఇంకొకరి డ్రాగన్‌నే మళ్ళీ గీయిస్తుంది. బజార్లో గోండు నమూనా అచ్చేసిన సంచులు, కప్పులు కూడా అమ్ముతున్నారు. అందంగానే ఉంటాయి. కానీ ఆ జింక ఎవరి కథలోదని అడిగితే అమ్మేవాడు చెప్పలేడు.

భజ్జు గారు తర్వాత దుర్గాబాయి, రామ్ సింగ్ ఉర్వేతిలతో కలిసి చెట్ల మీద ఒక పుస్తకం వేసినారు. 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్', 2006. నల్ల కాగితం మీద చేత్తో అచ్చేసిన పుస్తకం. 2008లో ఇటలీలోని బొలోన్యాలో దానికి బహుమతి వచ్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. దుర్గాబాయి గారికి 2022లో వచ్చింది. మన మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో ఇచ్చినారు. కాబట్టి ఇవి ఎక్కడో దూరం వాళ్ళకే వస్తాయని అనుకోవద్దు.

ఇప్పుడు వెనక గోడ. వార్డెన్ సారు గోడకు సున్నం వేయించి, పిల్లలే బొమ్మ వేయండి అన్నారు. చాలామంది ఫోన్లో దొరికే కార్టూను బొమ్మ పెద్దగా దించుదాం అంటున్నారు. నా మాట వేరే. మన హాస్టల్లో గోండులు, కొలాములు, పర్ధాన్లు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు అందరం ఉన్నాం. దండారిలో గుస్సాడీల నెమలి ఈకల టోపీలు, బూడిద పూసిన ఒంటి మీద చుక్కలు మనం చూసినంత దగ్గరగా ఎవరు చూసినారు? పెట్టె తెచ్చుకున్నట్టు అవి కూడా తెచ్చుకున్నాం. కానీ గేటు లోపలికి రాగానే వాటి మాట ఎత్తడానికి సిగ్గుపడుతున్నాం. మా తాత పాటల్లో సగం నాకే రావు. ఆయన తర్వాత అవి ఎక్కడ ఉంటాయి?

అందుకే మొన్న రాత్రి స్టడీ అవర్ అయినాక మా గదిలో అందరినీ అదే ప్రశ్న అడిగినాను. మన హాస్టల్లో ఏది ఏం చేస్తుంది, ఇంటి దగ్గర ఆ పని చేసేది ఎవరు అని. నీళ్ళ ట్యాంకరు పాడి బర్రె అని ఒకడు అన్నాడు. ఉదయం ఐదింటి గంట కోడిపుంజు అని నలుగురు ఒకేసారి అన్నారు, కానీ అది భజ్జు గారిది అయిపోయింది, వేరేది వెతకాలి. ఉత్తరాలు, ఫోన్లు తెచ్చే వాచ్‌మెన్ తాత కాకి, ఎందుకంటే కాకి అరిస్తే చుట్టాలు వస్తారు. సెలవులకు ఇంటికి తీసుకుపోయే బస్సు ఏమిటి అనే దాని మీద కొలాం పిల్లలకు, మాకు పెద్ద తగువే అయింది. ఇంకా తేలలేదు. వార్డెన్ సారుకు ఏ జంతువు పెట్టినామో ఇక్కడ రాయను.

మీ దగ్గర ఇంకేమైనా ఉంటే చీటీ మీద రాసి శనివారం లోపల నాకు ఇవ్వండి. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక సుద్దముక్కతో గీతలు మొదలుపెడతాం. ఎర్రమట్టి, బొగ్గు మేము తెస్తాం.

— 9వ తరగతి, 'బి' సెక్షన్