లెట్యూస్‌కు బూడిద రంగు బూజు: ఏ మందు, ఎప్పుడు?

జంగమకోటె చుట్టుపక్కల పట్టు, ద్రాక్ష మనకు పాత పనులే. లెట్యూస్ అలా కాదు, బెంగళూరు హోటళ్ల కోసం వచ్చిన కొత్త ఆకు. పొద్దున్నే మంచు కమ్మే చలికాలంలో దీన్ని పట్టే జబ్బు బూడిద రంగు బూజు. శాస్త్రీయ నామం బోట్రైటిస్ సినీరియా. పేరు విని ద్రాక్షకు వచ్చే బూడిద తెగులనుకుని గంధకం కొట్టేవారున్నారు. అది వేరు, ఇది వేరు.

నేలకు ఆనిన ముదురు ఆకు దగ్గర మొదలవుతుంది. కాడ మెత్తబడి గోధుమ రంగుకు తిరుగుతుంది, పైన బూడిద రంగు నూగు వస్తుంది. తాకితే దుమ్ములా లేస్తుంది. తెగులును మోసుకెళ్లేది ఆ దుమ్మే. దూదిలాంటి తెల్లబూజు, అందులో ఎలుక పెంటికల్లాంటి నల్లగింజలు కనిపిస్తే అది స్క్లెరోటీనియా కుళ్లు. ఆకు పైన పసుపు మచ్చ, కింద తెల్లబూజు ఉంటే డౌనీ మిల్డ్యూ. మెటలాక్సిల్ ఈ చివరిదానికే. బూడిద రంగు బూజు మీద డబ్బు దండగ.

కుళ్లిన ఆకును ఏ మందూ బాగుచేయదు. మందు పని మిగిలిన ఆకును కాపాడటం, కాబట్టి తెగులు ముదరక ముందే కొట్టాలి. ఒకే మందు పదే పదే కొడితే ఈ బూజు త్వరగా మొండికెక్కుతుంది. కార్బెండజిమ్ జాతి మందులకు 1970ల నుంచే లొంగని రకాలు బయటపడ్డాయి. ఫ్లూడియాక్సోనిల్, బోస్కాలిడ్, ఫెన్‌హెక్సమిడ్ వేర్వేరు గుంపులవి. డబ్బా మీద కంపెనీ పేరు మారితే మందు మారినట్టు కాదు, లోపలి రసాయనం గుంపు మారాలి.

కొనేముందు లేబుల్ మీద లెట్యూస్ పేరుందా, చివరి పిచికారీకీ కోతకూ ఎన్ని రోజులు ఆగాలో చూడండి. ఇది పచ్చిగా తినే ఆకు. అంగడివాడి మాటకన్నా చింతామణి దగ్గర కురుబూరులోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగడం నయం.

అసలు సగం పని గాలిదే. పాలీహౌస్ పక్క తెరలు పొద్దున్నే ఎత్తండి, మొక్కల మధ్య ఎడం ఇవ్వండి, సాయంత్రం పైనుంచి నీళ్లు చల్లకుండా డ్రిప్పుతో ఇవ్వండి. ముదురు ఆకులు ఏరి దూరంగా పూడ్చండి. ట్రైకోడెర్మా, బాసిల్లస్ లాంటి జీవమందులు ముందుజాగ్రత్తకు సరే, ముదిరాక వాటిని నమ్ముకోలేం.

మన ఊళ్లో ఇంకో లెక్క ఉంది. బూజు మందులో పురుగుమందు కలిపి కొడితే ఆ తుంపర పక్క మల్బరీ మీద పడుతుంది. ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చస్తాయి, గూళ్ల పంట పోతుంది. ఒక బ్యాచ్ పోతే ఆ ఇంటి నెల రాబడి పోయినట్టే. అందుకే రెండూ కలపొద్దు. పక్క తోటవాళ్లకు ముందురోజే చెప్పి, గాలి అటు వీయని వేళ చూసి కొట్టండి.