ప్రమాణ గ్రంథములను పేర్కొను విధము

కళాశాలలో చదువు విద్యార్థి వ్యాసము వ్రాసి, దాని చివర పది పుస్తకముల పేర్లు చేర్చును. అవి ఎందులకని యడిగినచో, ఆచార్యులు కోరిరి గనుక అని యొకడును, నేనింత చదివితినని తెలియుటకని వేఱొకడును చెప్పుదురు. ఈ రెండును సరియైన సమాధానములు కావు. గ్రంథనామము వ్యాసమునకు అలంకారము కాదు. అది చదువరికి చూపు దారి. "ఈ మాటను నేనిచ్చట చూచితిని, మీరును పోయి చూడుడు" అని చెప్పుటయే దాని పని.

ఇది పాశ్చాత్య విశ్వవిద్యాలయముల నుండి వచ్చిన మర్యాద యని కొందరు తలతురు. అట్లు కాదు. మెదకు సీమలోని కొలచెలమ ఇంటిపేరుగా గల మల్లినాథసూరి, కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూని, మూలము లేని మాట వ్రాయనని మొదటనే ప్రతిజ్ఞ చేసెను. పదముల కర్థము చెప్పుచు, ఇది అమరములోనిది, ఇది విశ్వములోనిది, ఇది యాదవములోనిది యని నిఘంటువుల పేర్లు తెలుపుచు పోయెను.

తెలుగున మడికి సింగన తన సకలనీతిసమ్మతమున పెక్కు నీతిగ్రంథముల పద్యములను కూర్చి, ఏ పద్యము ఏ గ్రంథములోనిదో తెలిపెను. ఆ గ్రంథములలో ముద్రామాత్యము వంటివి నేడు పూర్తిగా లభించుట లేదు. సింగన ఆ చిన్న పేరు వ్రాసియుండనిచో, పద్యములు మిగిలినను అవి యెందులోనివో చెప్పుటకు ఆధార ముండెడిది కాదు. ఒకరి ఋణము నొప్పుకొనుటకై వ్రాసిన మాట, ఆ గ్రంథము నశించిన పిదప దాని యునికికే సాక్ష్యమైనది.

ఇక పేర్కొనుట యెట్లు? గ్రంథకర్త పేరు, గ్రంథము పేరు, ఎన్నవ కూర్పు, ప్రకటించినవారు, అచ్చయిన సంవత్సరము, పుటసంఖ్య — ఇవి యుండవలయును. కూర్పుతో నేమి పని యని యనుకొనరాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదట 1897లో అచ్చయ్యెను. 1909లో ఆయనయే దానిని మిక్కిలి మార్చి, పెంచి, మఱల ప్రకటించెను. అయిదంకముల నాటకము ఏడంకముల దయ్యెను. "కన్యాశుల్కమున నిట్లున్నది" యని మాత్రమే వ్రాసినచో ఏ కన్యాశుల్కమో తెలియదు. కవి తానే విడిచిన మాటను ఆయనకు మఱల అంటగట్టుట న్యాయము కాదు. పద్యసంఖ్యకును ఇదే నియమము. బ్రౌను దొర 1829లో ప్రకటించిన వేమన పద్యముల కూర్పు వేఱు, 1839లో ప్రకటించిన కూర్పు వేఱు. కావున కూర్పు పేరు చెప్పక పద్యసంఖ్య మాత్రము చెప్పినచో చదువరికి పద్యము దొరకదు.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి కలదు. చూడని గ్రంథమును చూచినట్లు వ్రాయరాదు. మీరొక శాసనమును చూడలేదు; చరిత్రకారు డొకడు దానిని గూర్చి వ్రాసిన గ్రంథమును చూచితిరి. అప్పుడు శాసనముతో పాటు ఆ గ్రంథము పేరును వ్రాసి, "ఇందు ఉదాహరింపబడినది" యని తెలుపవలయును. ఇది పట్టింపు కాదు. శకవర్షమును క్రీస్తుశకముగా మార్చునపుడు 78 కలుపవలసియుండగా ఆ చరిత్రకారుడు 87 కలిపె ననుకొందము. దానిని చూచి పదుగురు వ్రాసి, పదుగురును శాసనమునే ప్రమాణముగా చూపినచో, ఆ తప్పునకు పదిమంది సాక్షులున్నట్లు తోచును. నిజమునకు సాక్షి యొక్కడే, అతడును పొరబడినవాడు. ఎవరెవరి నుండి గ్రహించిరో వ్రాసియున్నచో, ఆ తప్పు పుట్టినచోటనే పట్టుబడును.

ప్రతి వాక్యమునకును ప్రమాణము చూపనక్కరలేదు. గోదావరి బంగాళాఖాతమున కలియునని చెప్పుటకు గ్రంథ మేల? కాని యొకరి ఊహను, ఒకరి లెక్కను, ఒకరి తీర్పును గ్రహించినపుడు, మాటలు మార్చి వ్రాసినను పేరు చెప్పవలసినదే. ఉన్న మాటల నున్నట్లు గ్రహించినచో ఉద్ధరణ చిహ్నములను గూడ ఉంచవలయును.

ఇందులకు సులభమైన యుపాయము, చదువుచున్నపుడే కాగితముపై పుటసంఖ్యను వ్రాసికొనుట. వ్యాసము ముగిసిన తరువాత వెదకబోయినచో, ఏది గ్రంథములోనిదో, ఏది తన యూహయో వ్రాసినవానికే తెలియకుండ పోవును.

మీ సిద్ధాంతమును అంగీకరింపని చదువరి యుండవచ్చును. అతడు మీరు చూపిన పుటను తెఱచి, మీరు చెప్పిన మాట అచ్చట నున్నదని యొప్పుకొనవలయును. వాదము ఆపైన సాగవచ్చును. అట్టి వాదము వలననే విద్య పెరుగును.