దిండులో దూది – సముద్రంలో నూనె

మా విడవలూరు ఇంట్లో అటక మీద పాత బూరుగు దూది దిండొకటి ఉంది. సంక్రాంతి సెలవుల్లో దాన్ని విప్పి గుప్పెడు దూది తీస్తుంటే మా అమ్మమ్మ, "ఏందిరా అబ్బయ్యా, ఉన్న దిండును గూడా పాడుజేస్తుండావే!" అని కేకలేసింది. ఆమెకు చెప్పుకున్న సంజాయిషీయే ఇక్కడ రాస్తున్నాను.

2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు కామరాజర్ రేవు దగ్గర బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చిక్కటి ఇంధన నూనెను కోస్ట్‌గార్డు వాళ్లూ, విద్యార్థులూ, జాలర్లూ బక్కెట్లతో తోడిపోశారు. మాకు దక్షిణాన పెన్న దాటితే కృష్ణపట్నం రేవు. వేసవి మొదట్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి, అంటే మా రామతీర్థం వైపే నడుస్తుంది. జాలర్ల వలలూ, రొయ్యల గుంటలకు తోడే నీళ్లూ ఆ ఒడ్డువే. అందుకే నాకీ దూది పిచ్చి.

బేసిన్‌లో ఉప్పునీళ్లు పోసి, వాడేసిన ఇంజనాయిలు ఒలికించాను. ముందు మందులషాపు దూది వేశాను. నీళ్లు తాగి మునిగింది. బూరుగు దూది తేలుతూనే నూనెను లాక్కుంది. దాని పోగు ఒక సన్నటి బోలు గొట్టం, పైన మైనపు పూత. మైనానికి నీరు గిట్టదు, నూనె మాత్రం చుట్టం. పోగుల సందుల్లోకీ, గొట్టాల్లోకీ నూనె పాకిపోతుంది. మందులషాపు దూదికి ఆ మైనం తీసేస్తారు, గాయం తడి పీల్చాలి గదా! ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో కూరింది బూరుగు జాతి దూదే. జిల్లేడు దూదీ ఈ బాపతే. గ్రాము బూరుగు దూది సుమారు 40 గ్రాముల నూనె పట్టగలదని జపాన్ పరిశోధకులు 2000లో ప్రకటించారు. పిండితే చాలా నూనె తిరిగొస్తుంది, దూదిని మళ్లీ వాడొచ్చు.

కానీ పేచీలున్నాయి. డీజిలు లాంటి పలుచటి నూనెకైతే సరే. ఎన్నూరులో పడ్డలాంటి తారుముద్ద పోగుల్లోకి అంత సులువుగా దూరదు. విడి దూది గాలికి లేస్తుంది. నాది సగం వరండా పాలయింది. వలగుడ్డ సంచుల్లో కుట్టి, వరసగా కట్టి నీళ్ల మీద వదలాలి. నూనె తాగిన దూదిని ఇసుకలో పూడిస్తే నూనె చోటు మారినట్టే తప్ప పోయినట్టు కాదు.

ఇదంతా విని అమ్మమ్మ, "సంచులు ముందే కుట్టి పెట్టుకోవాల గదరా, నూనె వచ్చినాక కుడతావా?" అంది. ఈ వేసవిలో డీజిలుతోనూ, ఫర్నేసు నూనెతోనూ విడివిడిగా తూచి చూడాలని ఉంది. జిల్లేడు కాయలు కావాలి. కోసేవాళ్లు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి సుమా!