యజమాని లేని ఆపరేటింగ్ సిస్టం

2025 ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలైంది. వేదిక లేదు, తెర మీద మెరుపుల్లేవు, ధర అసలే లేదు. రెండేళ్లకు పైగా సాగిన పని పూర్తయిందనీ, 69,830 ప్యాకేజీలున్న (ప్యాకేజీ అంటే ఒక సాఫ్ట్‌వేర్ మూట) ఈ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంను ఇక ఎవరైనా దింపుకోవచ్చనీ ఒక ప్రకటన వచ్చింది, అంతే. ఆ ప్యాకేజీల్లో 14,100కు పైగా కొత్తవి. కాలం చెల్లాయని తీసేసినవి 8,840కి పైమాటే. ఈ వెర్షన్ పేరు ట్రిక్సీ, 'టాయ్ స్టోరీ' సినిమాల్లోని మూడు కొమ్ముల డైనోసార్ బొమ్మ. తొలినాళ్లలో డెబియన్‌ను నడిపిన బ్రూస్ పెరెన్స్ పిక్సార్ ఉద్యోగి. అందుకే 1996 నుంచి ప్రతి వెర్షనుకూ ఆ బొమ్మల పేర్లే పెడుతున్నారు.

డెబియన్ అంటే తెలియనివాళ్లు కూడా ఉబుంటు పేరు వినే ఉంటారు. 2004లో వచ్చిన ఉబుంటుకు పునాది డెబియనే. పిల్లలు ప్రయోగాలు చేసే రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో నడిచేది దాని రూపాంతరమే. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా అంతే. 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ల్యాప్‌టాప్‌లను విండోస్ నుంచి మార్చాలనుకున్నప్పుడు ఎంచుకున్నదీ డెబియన్‌నే.

ఇంతకీ ఇది ఎవరిది? ఎవరిదీ కాదు. 1993 ఆగస్టులో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ మొదలుపెట్టారు. ఆయన తప్పుకున్నాక మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు నడిపారు. కంపెనీ మాత్రం ఎన్నడూ పుట్టలేదు. విరాళాలనూ ఆస్తులనూ చూసుకునేందుకు విడిగా ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉంది. పని చేసేది మాత్రం దేశదేశాల్లో ఉన్న వెయ్యిమంది దాకా డెవలపర్లు, వాళ్ల వెనక ఇంకెందరో. ఊరి చెరువుకు యజమాని ఉండడు, తూము దగ్గర నీరటికాడు ఉంటాడు. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ అలాంటి నిర్వాహకుడు ఒకరుంటారు.

యజమాని లేకపోవడం వల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే సెంటోస్ సంగతి చూడాలి. లక్షల సర్వర్లలో ఉచితంగా నడిచిన ఆ లైనక్స్, రెడ్ హ్యాట్ కంపెనీ చేతిలో ఉండేది. 2019లో రెడ్ హ్యాట్‌ను ఐబీఎం కొనేసింది. 2029 దాకా మరమ్మతులు అందుతాయనుకున్న సెంటోస్ 8ను 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. దాన్ని నమ్ముకున్నవాళ్లు హడావిడిగా వేరే దారి వెతుక్కున్నారు. అల్మా లైనక్స్, రాకీ లైనక్స్ అలా పుట్టినవే. డెబియన్‌ను అలా కొనడానికీ ఆపడానికీ సంతకం పెట్టాల్సిన మనిషే లేడు.

ఆ మనిషి లేనప్పుడు నిర్ణయాలెవరు తీసుకుంటారు? దానికి 1998లో ఆమోదించుకున్న రాజ్యాంగం ఉంది. ఏటా ప్రాజెక్టు నాయకుణ్ని ఎన్నుకుంటారు. ఓటరు అభ్యర్థులను తన ఇష్టం కొద్దీ వరుసలో పెడతాడు. 'వీళ్లెవరూ వద్దు' అనేది కూడా ఆ వరుసలో ఉంటుంది, అది నెగ్గితే ఎన్నిక మళ్లీ జరగాల్సిందే. గెలిచిన నాయకుడికి పెద్ద అధికారాలేం ఉండవు. ఏ పనైనా చేసి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని ఆ రాజ్యాంగమే చెబుతుంది. చదవగానే ఇది సంస్థను నడిపే పద్ధతిలా అనిపించదు, అయినా దాదాపు మూడు దశాబ్దాలుగా నడుస్తోంది.

గొడవలకు కొదవ లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే పనులు మొదలుపెట్టే భాగంగా సిస్టండీని పెట్టాలా వద్దా అని 2014లో జరిగిన తగవు ఎంత ముదిరిందంటే, నచ్చనివాళ్లు విడిపోయి డెవాన్ అనే వేరుకుంపటి పెట్టుకున్నారు. 2022లో మరో పేచీ. వైఫై చిప్పులు పనిచేయాలంటే వాటి కంపెనీలిచ్చే ఫర్మ్‌వేర్ కావాలి, దాని సోర్సు కోడ్ మాత్రం ఇవ్వరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని ప్రమాణం చేసుకున్న చోట దానికి చోటివ్వాలా? ఓటింగ్ పెట్టి, ఆ ప్రమాణం రాసుకున్న సామాజిక ఒప్పందాన్నే సవరించుకుని మరీ ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. కొందరికి అది రాజీ. కొత్త ల్యాప్‌టాప్‌లో నెట్ రాక తలపట్టుకున్నవాళ్లకు మాత్రం పెద్ద ఊరట. ఇందులో వాడేవాళ్ల వైపు మొగ్గడమే సబబుగా తోస్తుంది.

డెబియన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా ముందు 'సిడ్' అనే విభాగంలోకి వస్తుంది. 'టాయ్ స్టోరీ'లో బొమ్మలను విరగ్గొట్టే పిల్లవాడి పేరది. అక్కడ కొద్ది రోజులు పెద్ద లోపాలు బయటపడకపోతే 'టెస్టింగ్'కు చేరుతుంది. విడుదల దగ్గరపడ్డాక కొత్త మార్పులకు మెల్లగా తలుపులు మూస్తారు, ట్రిక్సీకి 2025 మార్చిలో మూయడం మొదలైంది. ఆ వడపోతలన్నీ దాటాకే 'స్టేబుల్' అంటారు. ఈ నత్తనడక మీద జోకులు బోలెడు. 2024లో జరిగింది చూస్తే ఆ నడక విలువ తెలుస్తుంది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. దాన్ని ఏళ్ల తరబడి ఒక్కరే, అదీ తీరిక వేళల్లో చూసుకునేవారు. 'జియా టాన్' అనే పేరుతో ఎవరో వచ్చి సాయం చేస్తామన్నారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు, పగ్గాలు అందాక దొంగదారి పెట్టారు. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్ఎస్‌హెచ్‌కే అది గురిపెట్టింది. డెబియన్, మరికొన్ని లైనక్స్‌లు ఎస్ఎస్‌హెచ్‌కు తాము చేసుకున్న ఓ చేర్పు వల్లే ఆ దారి తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ సిడ్ మీద డేటాబేస్ వేగం కొలుస్తుంటే, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదిలేయకుండా తవ్వుకుంటూ పోయి, మార్చి 29న సంగతంతా బయటపెట్టారు. అప్పటికి ఆ కోడ్ సిడ్‌లోకీ టెస్టింగ్‌లోకీ వచ్చింది, స్టేబుల్‌ను తాకలేదు.

ప్రతిసారీ ఇలా గట్టెక్కలేదు. 2006లో సమాచారాన్ని గోప్యంగా ఉంచే ఓపెన్ ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక హెచ్చరికను ఆపడానికి డెబియన్‌లో తీసేసిన వాక్యం, రహస్య తాళాలు తయారుచేసే పద్ధతినే పాడుచేసింది. ఒక్కో రకం తాళానికి 32,768 రూపాలే మిగిలాయి. కంప్యూటరుకు వాటన్నిటినీ ప్రయత్నించడం పెద్ద పనేం కాదు. 2008 మేలో పట్టుబడేదాకా ఎవరికీ తెలియలేదు. అలా తయారైన తాళాలు వాడినవాళ్లంతా వాటిని మార్చుకోవాల్సి వచ్చింది.

ట్రిక్సీ కోసం పడిన అసలు కష్టం తెరపై కనిపించదు. పాత 32 బిట్ పద్ధతిలో కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కబెడతాయి. ఆ లెక్క 2,147,483,647 దగ్గర నిండిపోతుంది. మన గడియారం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు! మరుసటి సెకనుకు తేదీ 1901లోకి వెనక్కి దూకుతుంది. దీన్ని సరిచేయడానికి 32 బిట్ ఆర్మ్ యంత్రాల కోసం వేల ప్యాకేజీలను తిరిగి కట్టారు. పాత ఇంటెల్ 32 బిట్ రకాన్ని మాత్రం కావాలనే మార్చలేదు. దానికి ఇక ఇన్‌స్టాలర్ కూడా లేదు, పాత ప్రోగ్రాములు నడవడానికే ఉంచారు.

డెబియన్ డెవలపర్లు ఏటా ఒకచోట కలిసే సభ డెబ్‌కాన్ఫ్. 2023 సెప్టెంబరులో అది తొలిసారి మన దేశంలో, కొచ్చిలో జరిగింది. భారతీయ డెవలపర్ శ్రుతి చంద్రన్ నాయకత్వ ఎన్నికల్లోనూ పోటీ చేశారు. డెబియన్ ఇన్‌స్టాలర్ అడిగే భాషల జాబితాలో తెలుగు ఉంది. పోతన, వేమన పేర్లు పెట్టుకున్న ఫాంట్లు ప్యాకేజీగా దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే స్వేచ్ఛ ఉద్యమం తెలుగు ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసుకుంది.

డెబియన్‌లో ఏ ప్యాకేజీ నిర్వాహకుడైనా పని మానుకుంటే అడిగేవారుండరు, రాజ్యాంగం ఇచ్చిన హక్కది. ఆ ప్యాకేజీని 'అనాథ' జాబితాలో చేరుస్తారు, దత్తత తీసుకునేవారు వస్తే వస్తారు, లేకుంటే లేదు. ఎక్స్‌జెడ్ ఉదంతం తర్వాత ఆ జాబితాను చూసే చూపు మారింది. మనుషులు చాలడం లేదన్నది పాత బెంగే. ఇప్పుడు సాయానికి వచ్చినవాళ్లు ఎవరన్నదీ చూసుకోవాల్సి వస్తోంది. డెవలపరుగా చేరాలనుకునేవాళ్లు చాలా కాలంగా తమ డిజిటల్ తాళం మీద పాతవాళ్ల సంతకం తెచ్చుకోవాల్సిందే. ఆ సంతకం కోసం చాలామంది పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని, ముఖాముఖి కలుస్తారు.