పాకల దగ్గర పుట్టిన ఇంటిపేరు

ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి, 1852 నాటికి గోదావరి నీటిని డెల్టా పొలాలకు మళ్లించిన ఆర్థర్ కాటన్ పేరు వినగానే పత్తి స్ఫురించడం సహజమే అయినా, ఆ ఇంటిపేరుకూ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు. పత్తిని చెప్పే కాటన్ అనే మాట అరబ్బీలోని ‘కుత్న్’ నుంచి పుట్టి, ఫ్రెంచి మీదుగా పద్నాలుగో శతాబ్ది ప్రాంతంలో ఇంగ్లిషులో చేరింది. ఇంటిపేరుకు ఆధారమైన ఊళ్ల పేర్లు అంతకంటే ఎంతో పాతవి.

నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించక ముందు అక్కడి జనం మాట్లాడిన ప్రాచీన ఆంగ్లంలో ‘కాట్’ అంటే పాక, నేటి కాటేజీ అనే మాటలో ఉన్నదీ అదే. ఆ కాట్‌కు చతుర్థీ బహువచన ప్రత్యయమైన ‘ఉమ్’ చేరితే ‘కాటుమ్’ అవుతుంది. చతుర్థి అంటే తెలుగులో కొరకున్, కై గుర్తుకొస్తాయి గానీ, ప్రాచీన ఆంగ్లంలో చోటును చెప్పేటప్పుడు కూడా ఆ విభక్తినే వాడేవారు కనుక, కాటుమ్ అంటే ‘పాకల దగ్గర’ అని అర్థం. ఫలానావాడు ఎక్కడుంటాడని అడిగితే చెప్పే జవాబే క్రమంగా ఊరి పేరై, ప్రత్యయం అరిగి కోటన్‌గా, కాటన్‌గా స్థిరపడింది. నార్మన్ల కాలపు దస్తావేజుల్లో మనిషి పేరుకూ ఊరి పేరుకూ నడుమ ‘ఫలానా ఊరి’ అనే అర్థంలో రాసిన ‘డి’ తర్వాతి కాలంలో రాలిపోగా, మిగిలిన ఊరి పేరే తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించింది.

కందుకూరు ఊరైతే కందుకూరి ఇంటిపేరు కావడం ఇలాంటిదే. తెలుగు వ్యాకర్తలు ఔపవిభక్తికమనే ఆ చివరి ఇకారం, ప్రత్యయానికి ముందు నామం పొందే మార్పు, ‘ఆ ఊరివారు’ అనే భావాన్ని నేటికీ నిలిపి ఉంచింది. మనిషికీ ఊరికీ ఉన్న బంధాన్ని రెండు భాషల్లోనూ విభక్తే మోసింది.

పాకలున్న ఊళ్లు అనేకం కనుక కాటన్‌లందరూ ఒకే వంశం కారు. సఫోక్‌లోని కాటన్ అనే ఊరి పేరైతే పాకల నుంచి కాక ఒక వ్యక్తి పేరు నుంచి వచ్చింది. ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కోంబర్‌మియర్ శాఖ. ఎనిమిదో హెన్రీ రద్దు చేసిన అక్కడి క్రైస్తవ మఠం 1539లో జార్జ్ కాటన్‌కు దక్కింది.

అయితే ఈ పేరున్నవారిలో భాషకు మహోపకారం చేసినవాడు రాబర్ట్ కాటన్ (1571–1631). ఆయన సేకరించిన రాతప్రతులను, రోమన్ చక్రవర్తుల ప్రతిమలు పెట్టిన బీరువాలను బట్టి గుర్తించేవారు. ప్రాచీన ఆంగ్ల మహాకావ్యం ‘బేవుల్ఫ్’కు మిగిలిన ఏకైక రాతప్రతి వాటిలోనిదే. 1731 నాటి అగ్నిప్రమాదంలో అంచులు మాడి అక్షరాలు రాలుతున్న ఆ ఆకులను, పందొమ్మిదో శతాబ్దిలో ఒక్కొక్కటిగా కాగితపు చట్రాల్లో అమర్చి కాపాడారు. కాటుమ్ అనే మాట పుట్టిన భాషలోని ఆ కావ్యం, బ్రిటిష్ లైబ్రరీ పట్టికలో ‘కాటన్ విటెలియస్ ఎ 15’గా, అంటే విటెలియస్ ప్రతిమ కింది బీరువాలో మొదటి అరలోని పదిహేనో పుస్తకంగా, నేటికీ ఆ ఇంటిపేరుతోనే నమోదై ఉంది.